చుక్కలు రాలిపోయాక మొదలయ్యే రోగం: ఉప్పునీటి అక్వేరియంలో పరాన్నజీవులు

బ్లూ టాంగ్ చేప రెక్కల మీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు కనబడతాయి. దుకాణంలో ఇచ్చిన సీసా తెచ్చి, దాని మీద రాసిన లెక్క ప్రకారం ట్యాంకులో వేస్తారు. ఐదో రోజుకల్లా చేప ఒళ్లు నున్నగా అయిపోతుంది. మందు గట్టిదేనని ఊపిరి పీల్చుకునేలోగా, రెండు వారాలు తిరక్కుండానే చుక్కలు మళ్లీ వస్తాయి. ఈసారి ఒక్క టాంగ్‌కు కాదు, ట్యాంకులోని చేపలన్నిటికీ. ఆ సీసాలో వట్టి నీళ్లున్నా ఐదో రోజుకు చుక్కలు పోయేవే. ఎందుకు పోతాయో తెలిస్తే వైద్యం సగం తెలిసినట్టే.

ముందు పేరు గొడవ ఒకటి తేల్చుకోవాలి. గోదావరి జిల్లాల్లో 'వైట్‌స్పాట్' అంటే రొయ్యల చెరువును కొద్ది రోజుల్లోనే తుడిచిపెట్టే వైరస్. అక్వేరియం వాళ్లు అదే మాటను చేపల తెల్లచుక్కలకు వాడతారు. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. మంచినీటి చేపలకు వచ్చే తెల్లచుక్కల జబ్బూ వేరే జీవి పనే. గోల్డ్‌ఫిష్ తొట్టిలో గల్లుప్పు వేసి, హీటరును 30 డిగ్రీలకు పెంచితే తగ్గుతుంది కదా అని ఉప్పునీటి ట్యాంకులో అదే చిట్కా వేస్తే ఫలితం ఉండదు. ఉప్పునీటి జీవికి ఉప్పు పుట్టిల్లు, ఇక వేడి దాని జీవితచక్రాన్ని ఇంకా తొందరపెడుతుంది.

ఉప్పునీటి తెల్లచుక్కలకు కారణం క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి. ఇది నాలుగు దశల్లో బతుకుతుంది. చేప చర్మం పైపొర కింద దూరి, కణాలను తింటూ 3 నుంచి 7 రోజులు పెరుగుతుంది. మనకు కనబడే చుక్క ఇదే. కడుపు నిండాక చేపను వదిలి, కొన్ని గంటలు అడుగున పాకి, ఇసుకకో రాతికో గాజుకో అతుక్కుని చుట్టూ గట్టి కోశం కట్టుకుంటుంది. ఆ కోశం లోపల చీలుతూ పోయి, ఒక్కటి రెండు వందలకు పైగా పిల్లకణాలు కాగలదు. కోశం పగిలి బయటపడిన పిల్లకణాలు ఒకటి రెండు రోజుల్లో చేపను పట్టుకోవాలి, లేకపోతే చస్తాయి. మొదటి ఆరేడు గంటలు దాటాక వాటికి చేపలోకి దూరే సత్తువ తగ్గిపోతుంది.

ఐదో రోజుకు చుక్కలు పోయాయంటే, జీవి పెరిగి పెద్దదై కోశం కట్టడానికి కిందికి దిగిందని అర్థం. చేప మీద ఉన్నవి పది అయితే, ఇసుకలో తయారవుతున్నవి రెండు వేలు. పైగా చర్మం పొర కింద ఉన్నప్పుడూ, కోశంలో ఉన్నప్పుడూ దీన్ని ఏ మందూ తాకలేదు. నీళ్లలో ఈదే ఆ కొద్ది గంటల దశ ఒక్కటే మందుకు చిక్కుతుంది. కోశాలన్నీ ఒకే రోజు పగిలితే పని సులువయ్యేది. కానీ కొన్ని మూడు రోజులు నిండగానే పగులుతాయి, చాలా వరకు నెలలోపు పగులుతాయి, ఏదో ఒకటి 72 రోజుల దాకా ఆగిన దాఖలా కూడా ఉంది. అందుకే ఈ జబ్బు వైద్యం మందు లెక్క కంటే రోజుల లెక్క.

శుభ్రం చేసే రొయ్య, అంటే క్లీనర్ ష్రింప్, చుక్కలను తినేస్తుందన్న నమ్మకం ఎలా వీగిపోతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. చుక్క చర్మం కింద ఉంటుంది, రొయ్య చర్మం పైన ఏరుకుంటుంది. వెల్లుల్లి రసం కలిపిన మేత తిండి మీద ఆశ పుట్టిస్తే పుట్టించవచ్చు, పరాన్నజీవిని మాత్రం చంపదు. యూవీ దీపం ఈదే కణాల్లో తన గుండా పోయిన వాటినే చంపుతుంది. ఇసుకలోంచి లేచి నేరుగా చేప మీదికి వెళ్లినవి దాని కంట పడవు. అది తీవ్రతను తగ్గిస్తుంది, రోగాన్ని తీసేయదు. 'పగడాలకు హాని చేయని మందు' అని అమ్మే సీసాలకు ఒక చిక్కు ఉంది. ఈదే ఏకకణ జీవిని నమ్మకంగా చంపేంత గాఢతలో వేస్తే, అది పగడాలను, రొయ్యలను, లైవ్ రాక్‌లోని, అంటే జీవులు కాపురముండే సముద్రపు రాళ్లలోని, చిన్న జీవులను కూడా వదలదు. వాటిని వదిలేస్తోందంటే సాధారణంగా రోగాన్నీ వదిలేస్తున్నట్టే.

చుక్కలన్నీ ఒకే జబ్బు కావు

మందు ఎంచుకునే ముందు రోగం ఏదో గుర్తుపట్టాలి. ఇక్కడ పొరబడితే నెల రోజుల కష్టం వృథా.

అన్నిటికంటే ప్రమాదకరమైనది వెల్వెట్. అమైలూడినియం ఒసెల్లాటమ్ అనే జీవి దీనికి కారణం. ఇది ముందు మొప్పలను పడుతుంది. చర్మం మీద పసుపు కలిసిన సన్నటి పొడి అద్దినట్టు కనబడుతుంది, అదీ టార్చిని పక్కనుంచి వేస్తేనే. చాలా చేపలు ఆ పొడి కనబడకముందే చచ్చిపోతాయి. నిన్నటి దాకా తిన్న చేప ఇవాళ మేత వైపు చూడకుండా, మొప్పలు ఎగరేస్తూ, పవర్‌హెడ్, అంటే నీళ్లు తిప్పే పంపు, ధారలో మూతి పెట్టి నిలబడిందంటే చుక్కల కోసం ఎదురుచూడకూడదు. తెల్లచుక్కల జబ్బు వారాలు ఇస్తుంది, వెల్వెట్ రెండు మూడు రోజులకు మించి ఇవ్వదు. దీని కోశం ఒక్కటి 256 దాకా ఈదే కణాలను వదులుతుంది. ఆ కణాలు గాలిబుడగలు పగిలినప్పుడు లేచే తుంపరలతో కూడా ప్రయాణిస్తాయి. గాలి వీచే చోట మూడు మీటర్ల దాకా వ్యాపించినట్టు 2006లో ప్రచురించిన ప్రయోగం చూపింది. రోగపు ట్యాంకు పక్కనే క్వారంటైన్ తొట్టి పెట్టొద్దనడానికి కారణం ఇదే.

క్లౌన్‌ఫిష్ ఒంటి మీద జిగురు పొరలు పొరలుగా ఊడి వేలాడుతుంటే అది బ్రూక్లినెల్లా అనే మరో పరాన్నజీవి. దీనికి రాగి పనిచేయదు, ఫార్మలిన్ స్నానం కావాలి. 37 శాతం ఫార్మలిన్‌ను 10 లీటర్ల ఉప్పునీటికి 1.5 మిల్లీలీటర్లు కలిపి, గాలి బాగా కొడుతూ అరగంట నుంచి ముప్పావుగంట ఉంచాలి. రోజు విడిచి రోజు మూడుసార్లు చేయాలి. స్నానం అయిన చేప మళ్లీ పాత నీళ్లలోకి వెళ్లకూడదు. సీసా అడుగున తెల్లటి మడ్డి పేరుకుని ఉంటే ఆ ఫార్మలిన్ వాడకూడదు, అది చేపకు విషం. మనిషికీ ఇది మంచిది కాదు కాబట్టి చేతి తొడుగులు వేసుకుని, కిటికీలు తెరిచి, పిల్లలు లేని చోట ఈ పని చేయాలి.

చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటూ, కంటి మీద మబ్బు కమ్మినట్టుంటే ఫ్లూక్స్ అనే చదునైన పురుగులను అనుమానించాలి. వీటికి పరీక్షే చికిత్సకు మొదటి మెట్టు. ట్యాంకు ఉష్ణోగ్రతకు, పీహెచ్‌కు సరిపెట్టిన మంచినీళ్లలో చేపను ఐదు నిమిషాలు ఉంచితే, కంటికి కనబడని పురుగులు తెల్లగా మారి నువ్వుగింజల్లా అడుగుకు రాలతాయి. తరువాత లీటరుకు 2.5 మిల్లీగ్రాముల ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు వేయాలి, అంటే 100 లీటర్లకు 250 మిల్లీగ్రాములు. ఈ మందు గుడ్లను చంపదు. అవి పొదిగాక, అంటే ఐదు నుంచి ఏడు రోజులకు, రెండో మోతాదు తప్పనిసరి.

చికిత్స తొట్టి

ప్రధాన ట్యాంకులో చికిత్స చేయకూడదు. రాగి పడితే పగడాలు, నత్తలు, రొయ్యలు చచ్చిపోతాయి. లైవ్ రాక్, పగడపు ఇసుక రాగిని పీల్చుకుని మోతాదును కిందికి లాగుతాయి. కాబట్టి చేపలన్నిటినీ, చుక్కలు లేని వాటిని సైతం, బయటికి తీయాలి. ఈ పని రాళ్లు కదపకుండా అయ్యేది కాదు. సగం చేపలే దొరికాయని మిగతావి వదిలేస్తే అసలు మొదలుపెట్టకపోవడమే నయం.

తొట్టికి అలంకారం అక్కర్లేదు. గాజుదో ప్లాస్టిక్‌దో తొట్టి, అడుగున ఏమీ వేయకుండా. దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు, హీటరు, థర్మామీటరు, ఎయిర్‌పంప్, స్పాంజ్ ఫిల్టర్, నీళ్లలో అతికించే అమ్మోనియా బ్యాడ్జి, మూత ఉంటే చాలు. చికిత్స తొట్టిలో చేపలను ఎక్కువగా చంపేది రోగం కాదు, అమ్మోనియా. కొత్త స్పాంజ్‌లో అమ్మోనియాను హరించే బ్యాక్టీరియా ఉండదు. ఉన్న కాస్తా రాగికి మందగిస్తుంది. ముందుచూపున్న వాళ్లు స్పాంజ్‌ను నెల ముందే సంప్‌లో, అంటే ప్రధాన ట్యాంకు ఫిల్టర్ తొట్టిలో, వేసి ఉంచుతారు. లేకపోతే రోజూ పరీక్షించి నీళ్లు మార్చడమే దారి.

ఎండాకాలం ఇక్కడ మరో చిక్కు తెస్తుంది. 28 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు 7.8 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు ఉప్పదనం ఉన్న నీరు 6.4 దగ్గరే ఆగుతుంది. మొప్పలు దెబ్బతిన్న చేపకు ఈ తేడా చిన్నది కాదు. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోతే గంటలో ప్రాణం మీదికొస్తుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్‌పంప్ లేకుండా చికిత్స మొదలుపెట్టకపోవడం మంచిది.

రాగి: మోతాదు తప్పితే రెండువైపులా నష్టమే

తెల్లచుక్కలకూ వెల్వెట్‌కూ రెంటికీ పనిచేసే పాత మందు రాగి. తక్కువైతే ఈదే కణాలు బతికిపోతాయి, ఎక్కువైతే చేప చస్తుంది. ఈ రెంటి మధ్య దారి సన్నం, పైగా ఒక్కో రకం రాగికి ఒక్కో దారి.

మామూలు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నుంచి వచ్చే విడి రాగి అయితే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. సీకెమ్ కంపెనీ అమ్మే క్యూప్రమైన్ అనే రాగి మందు అయితే 0.5. కాపర్ పవర్ లాంటి చెలేటెడ్ రాగి, అంటే వేరే రసాయనంతో బంధించిన రాగి, అయితే 2.25 నుంచి 2.5. ఒకదాని అంకె ఇంకోదానికి వాడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మైలుతుత్తంతో 2.5కు తీసుకెళ్తే తెల్లారేసరికి ఒక్క చేపా మిగలదు. కాపర్ పవర్‌ను 0.5 దగ్గర ఆపితే నెల తరువాత కూడా చుక్కలు ఉంటాయి.

మైలుతుత్తం ఆక్వా జిల్లాల్లో ఎక్కడైనా దొరుకుతుంది. కానీ పొలానికి, చెరువుకు అమ్మే సరుకు స్వచ్ఛత ఇంటి అక్వేరియానికి సరిపోదు, ల్యాబ్ గ్రేడ్ స్ఫటికాలు కావాలి. వాటి బరువులో రాగి పాతిక శాతానికి కాస్త ఎక్కువ. 3.93 గ్రాములు తూచి, లీటరు ఆర్వో నీటిలో కరిగిస్తే, ఒక్కో మిల్లీలీటరులో ఒక్కో మిల్లీగ్రాము రాగి ఉంటుంది. 100 లీటర్ల నీటిని 0.15కు తేవాలంటే ఈ ద్రావణం 15 మిల్లీలీటర్లు చాలు. అదీ ఒక్కసారిగా పోయకుండా మూడు భాగాలు చేసి రెండు రోజుల్లో వేయాలి. విడి రాగికి ఒక బలహీనత ఉంది. ఉప్పునీటిలో అది కార్బొనేటుగా మారి అడుగుకు దిగిపోతుంది. పొద్దున 0.18 ఉన్నది రాత్రికి 0.12 కావచ్చు. రోజుకు రెండుసార్లు పరీక్షించే ఓపిక లేని వాళ్లకు చెలేటెడ్ రకమే మేలు. ధర ఎక్కువైనా, ఒకసారి ఎక్కించాక అంకె పెద్దగా కదలదు.

తొట్టిలో అసలు నీళ్లెన్నో కూడా కొలవాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న తొట్టిలో 30 ఎత్తున నీళ్లుంటే అవి 54 లీటర్లు. అమ్మినవాడు 65 లీటర్ల ట్యాంకు అన్నాడని ఆ లెక్కన మందు వేస్తే, మొదటి మోతాదుకే ఐదో వంతు ఎక్కువ పడుతుంది.

రంగు చూసి పోల్చుకునే స్ట్రిప్పులు ఈ పనికి చాలవు. హన్నా హెచ్ఐ702 లాంటి అంకె చూపే మీటరు కావాలి. చెలేటెడ్ రాగిని రెండు మూడు రోజుల్లో మెల్లగా పెంచాలి. చేప మేత మానేస్తే అక్కడే ఒకరోజు ఆగాలి. నీళ్లు ఆవిరైతే మామూలు ఆర్వో నీళ్లు పోస్తే చాలు. మార్చిన నీళ్లకు మాత్రం తొట్టిలోకి పోయకముందే అదే మోతాదు రాగి కలపాలి. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ ఉండకూడదు. క్యూప్రమైన్ వాడుతున్నప్పుడు అమ్మోనియాను బంధించే ప్రైమ్ లాంటి ద్రావణాలు పోయకూడదు, అవి రాగిని మరింత విషపూరితమైన రూపంలోకి మారుస్తాయి. అమ్మోనియా పెరిగినప్పుడు చేయి ముందుగా ఆ సీసా మీదికే పోతుంది కాబట్టి, చికిత్స మొదలుపెట్టే రోజే దాన్ని ఎత్తి బీరువాలో పెట్టడం ఉత్తమం.

రాగి పూర్తి మోతాదుకు చేరిన రోజే మొదటి రోజు. అక్కడి నుంచి 30 రోజులు. మధ్యలో ఒక్కరోజు అంకె దిగినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది, ఎందుకంటే ఆ రోజే పగిలిన కోశం ఉండవచ్చు. తక్కువ రోజుల పద్ధతి కూడా ఒకటి ఉంది. 14 రోజులు పూర్తి మోతాదులో ఉంచి, మూడు మీటర్లకు పైగా దూరంలో ఉన్న మరో శుభ్రమైన తొట్టిలోకి మార్చడం. ఒంటి మీద ఉన్నవి వారంలో దిగిపోతాయి, రాగి ఉండగా కొత్తవి ఎక్కలేవు, కోశాలు పాత తొట్టిలోనే ఉండిపోతాయి.

మందుల షాపు క్లోరోక్విన్ ఫాస్ఫేట్‌ను లీటరుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున వాడే వాళ్లున్నారు. ఇది వెల్వెట్ మీద బాగా పనిచేస్తుంది. కానీ నీళ్లలో ఎంత మిగిలిందో ఇంట్లో కొలిచే సాధనం లేదు, రాస్ చేపలకు పడదు, మాత్రలోని పిండి నీళ్లను మురికి చేస్తుంది. అంకె చూపే మీటరున్న రాగిని వదిలి దీనివైపు వెళ్లడానికి గట్టి కారణం ఉండాలి.

మందు లేకుండా రోజులతోనే గెలవడం

తెల్లచుక్కలకు మందే అక్కర్లేని పద్ధతి ఒకటుంది: ట్యాంక్ ట్రాన్స్‌ఫర్. కోశం పగలడానికి కనీసం మూడు రోజులు పడుతుంది కాబట్టి, మూడు రోజులు నిండకముందే చేపను కొత్త తొట్టిలోకి మార్చేస్తే, రాలినవి రాలినట్టే వెనక ఉండిపోతాయి. 40 లీటర్ల ప్లాస్టిక్ తొట్లు రెండు చాలు. మొదటి రోజు ఒకటో తొట్టిలో వేసి, 4, 7, 10 రోజుల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చి, 13వ రోజు శుభ్రమైన పరిశీలన తొట్టిలోకి పంపాలి. జీవి చేపను వదిలేది ఎక్కువగా చీకట్లో కాబట్టి పొద్దున్నే మార్చడం మేలు. 72 గంటలు ఎప్పుడూ దాటకూడదు. ఒక గంట ముందైతే ఫరవాలేదు, ఒక గంట ఆలస్యమైతే పద్ధతి మొత్తం చెడుతుంది.

ప్రతి మార్పుకూ కొత్త ఉప్పునీరే. నాలుగు తొట్ల నీళ్లకు, లీటరుకు దాదాపు 37 గ్రాముల చొప్పున, ఆరు కిలోల సాల్ట్ మిక్స్ ఖర్చవుతుంది. ఉష్ణోగ్రత, ఉప్పదనం, పీహెచ్ ముందే సరిపెడితే చేపను అలవాటు చేసే పని ఉండదు. వలలో టాంగ్ ముళ్లు చిక్కుకుంటాయి, అందుకే చిల్లుల ప్లాస్టిక్ గిన్నెతో ఎత్తడం సులువు. పాత నీళ్లు అందులోంచే కారిపోతాయి కూడా. ఖాళీ అయిన తొట్టి, పైపు, హీటరు, ఎయిర్‌స్టోన్ అన్నీ కడిగి ఒక రోజంతా ఎండలో ఆరబెట్టాలి. ఎండిన కోశం బతకదు, ఆ విషయంలో మన ఎండ ఏ మందుకూ తీసిపోదు. ఎయిర్‌స్టోన్ లోపలి తడి మాత్రం తొందరగా ఆరదు, దాన్ని పారేసి కొత్తది వాడటమే తేలిక. ఈ పద్ధతి వెల్వెట్‌ను, ఫ్లూక్స్‌ను ఆపదు.

ఉప్పదనం తగ్గించే పద్ధతికి మంచి పేరుంది, అంత నమ్మదగింది మాత్రం కాదు. నీటి సాంద్రతను రెండు రోజుల్లో 1.009కి దించి 30 రోజులు ఉంచాలి. 1.011 దగ్గర పనిచేయదు. 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) ద్రావణంతో సరిచూసిన రిఫ్రాక్టోమీటరు, అంటే ఉప్పదనం కొలిచే సాధనం, లేకపోతే ఆ తేడా తెలియదు, ముల్లు ఊగే హైడ్రోమీటరును అసలు నమ్మకూడదు. ఇంత చేసినా తక్కువ ఉప్పదనాన్ని తట్టుకునే రకాలు బయటపడ్డాయి. వెల్వెట్ అయితే దీన్ని లెక్కే చేయదు.

వెల్వెట్ అనుమానం ఉన్నప్పుడు క్రమం ఇది: ఐదు నిమిషాల మంచినీటి స్నానం, వెంటనే రాగి తొట్టి, మోతాదు ఎక్కించడంలో రోజుల తరబడి నెమ్మదితనం పనికిరాదు. స్నానం మొప్పల మీది భారాన్ని కొంత దించుతుందే కానీ రోగాన్ని తీసేయదు.

చేపల్లేని 76 రోజులు

చేపలు చికిత్సలో ఉండగా ప్రధాన ట్యాంకు చేపల్లేకుండా ఉండాలి. 72 రోజుల కోశానికి నాలుగు రోజులు కలిపి 76 అన్న అంకె స్థిరపడింది. 27 డిగ్రీలకు పైన ఉంచితే ఆరున్నర వారాలు చాలని చాలామంది ఆపుతారు. ఎక్కువసార్లు సరిపోతుంది కూడా. రెండోసారి రాళ్లు విప్పడం ఎంత పనో ఒకసారి విప్పిన వాళ్లకు తెలుసు కాబట్టి మిగతా నెల ఆగడమే చవక. ఈ కాలంలో పగడాలకు, రొయ్యలకు మామూలుగా మేత వేయాలి, ఫిల్టర్ బ్యాక్టీరియాకు కూడా ఆ తిండే ఆధారం. రాయి సందులో గోబీ చేప ఒక్కటి మిగిలిపోయినా ఈ రోజులన్నీ వృథా. రాత్రి ఎర్ర టార్చితో రెండు మూడుసార్లు వెతకాలి.

రోగాన్ని తరమకుండా మంచి తిండితో, యూవీతో దానితో కలిసి బతకొచ్చనే వాదన ఉంది. ఒకసారి తట్టుకున్న చేపకు కొంతకాలం రోగనిరోధక శక్తి వస్తుంది కాబట్టి అందులో నిజం లేకపోలేదు. కాకపోతే ఆ శాంతి హీటరు చెడేదాకా, కరెంటు పోయేదాకా, కొత్త చేప దిగేదాకా మాత్రమే. వెల్వెట్‌తో అలాంటి రాజీ అసలే కుదరదు.

కొత్త చేపకు 30 రోజుల రాగి, రెండు మోతాదుల ప్రాజిక్వాంటెల్, ఆపై రెండు వారాల పరిశీలన. ఇంతకంటే చవకైన బీమా లేదు. హ్యాచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్‌కు ప్రమాదం తక్కువే. కానీ దుకాణంలో అది పట్టుకొచ్చిన చేపలతో ఒకే నీళ్లలో ఉండి ఉంటే ఆ తేడా అక్కడే పోతుంది. పండుగప్ప పెంచే చోట్ల కూడా తెల్లచుక్కల జీవి, వెల్వెట్ జీవి రెండూ నష్టం చేస్తాయి. విశాఖలో తీరపు నీళ్లు తెచ్చుకునే వాళ్లు హ్యాచరీలు చేసే పనినే ఇంట్లో చేయవచ్చు: వడకట్టి, 100 లీటర్లకు 30 శాతం బ్లీచింగ్ పౌడర్ మూడు గ్రాములు వేసి, ఒక రోజు తరువాత థయోసల్ఫేట్‌తో క్లోరిన్ పోగొట్టి, పరీక్షలో సున్నా చూశాకే వాడాలి.

చాలామంది మరచేది పగడాలు, నత్తలు. వీటికి ఈ జబ్బు రాదు కానీ నత్త గుల్ల మీద, పగడం అతికించిన రాతి మీద కోశం ఉండొచ్చు. రాగితో వీటిని శుద్ధి చేయలేం. పగడాలకు చేసే అయోడిన్ ముంపు కోశాన్ని చంపదు. చేపల్లేని తొట్టిలో 76 రోజులు ఉంచాలి, దానికి వేరే వల, వేరే గొట్టం. చేయి పెట్టే క్రమం కూడా ఉంది: ముందు ప్రధాన ట్యాంకు, చివర క్వారంటైన్. తడి మోచేయి తిరుగు దారి పట్టకూడదు.